దిద్దేవాళ్ళు, చెరిపేవాళ్ళు

పోయిన వారం హాస్టల్ గోడపత్రికల గురించి రాశాక నాకొచ్చిన మెసేజ్‌లలో సగం ఒకటే అడిగాయి. "అన్నా, రాసి పెట్టుకున్నాం. ఎక్కడికి పంపాలి? అచ్చు కావాలంటే ఏం చెయ్యాలి?" కొందరు కవితలూ కథలూ జతచేశారు. అన్నీ చదివాను. ఒక్కొక్కరికీ విడిగా రాయాలంటే నెల పడుతుంది కాబట్టి ఈ వారం అందరికీ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగే. తీరిగ్గా చదవండి.

చిరునామాలు చెప్పడం తేలిక, చివర్లో చెప్తాను. అంతకంటే ముందు తెలియాల్సింది ఇంకొకటుంది. మీరు పంపిన కాగితం ఎవరో ఒకరి బల్ల మీదికి చేరుతుంది. ఆ మనిషి కలం తీసి గీతలు పెడతాడు. వాటిలో కొన్ని గీతలు మీ రచనని నిలబెడతాయి. కొన్ని గీతలు మిమ్మల్నే అందులోంచి బయటికి నెడతాయి. రెండు రకాలూ ఒకే సిరాతో, ఒకే మర్యాద భాషలో వస్తాయి. ఏది దిద్దుబాటో, ఏది చెరిపివేతో తేల్చుకోవడం మనవాళ్ళకి అక్షరాలంత అవసరం. అది తెలియక కొందరు మొదటి ఉత్తరానికే రాయడం మానేస్తున్నారు. ఇంకొందరు అన్నిటికీ తలూపి, తాము లేని రచన కింద తమ పేరు చూసుకుంటున్నారు.

నాకు జరిగింది చెప్తాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక కథ రాశాను. కోతల కాలం. మిట్టమధ్యాహ్నం. మా అమ్మ ఆసామి ఇంటి ముందు వంగి దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోస్తారు. తాగినన్ని తాగగా మిగిలినవి మోచేతుల మీదుగా కారి రవిక తడుస్తుంది. ఆ తడి రవికతోనే మళ్ళీ చేలోకి నడుస్తుంది. కథంతా అంతే. ఒక పెద్ద పత్రికకి పంపాను. రెండు నెలలకి సంపాదకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశాడు, నాలుగు మార్పులు అడిగాడు.

మొదటిది, ఊరి వర్ణన పేజీన్నర ఉంది, తగ్గించమన్నాడు. రెండోది, కథ అయిపోయాక వచ్చే ఆఖరి పేరా అక్కర్లేదన్నాడు. మూడోది, ఆసామి కులం పేరూ మా కులం పేరూ తీసేసి "భూస్వామి", "పేద కూలీ" అని రాయమన్నాడు. నాలుగోది, అమ్మ మాటలు పాఠకులందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చమన్నాడు.

మొదటి రెండూ ఆ రాత్రే చేశాను. కథ బిగిసింది. ఆ మేలు ఇప్పటికీ ఒప్పుకుంటాను.

మూడోది చేస్తే ఏమవుతుందో చూడండి. పేద కూలీకి ఎవరూ దోసిట్లో నీళ్ళు పొయ్యరు, చెంబు చేతికిస్తారు. మా ఊళ్ళో మా అమ్మకంటే లేనిదొకామె ఉండేది, ఊరి కులాల ఆమె. అదే చేలో కోతకొచ్చేది. అదే ఇంటి అరుగు మీద కూచుని గ్లాసుతో తాగేది. లేమి ఇద్దరికీ ఉంది. దోసిలి మాత్రం మా అమ్మకే. కులం పేరు తీసేస్తే ఆ నీళ్ళు అంత ఎత్తునుంచి ఎందుకు పడుతున్నాయో కథ చదివినవాళ్ళకి తెలిసే దారే లేదు. అడిగింది రెండు మాటల మార్పు. పోయేది కథ మొత్తం.

నాలుగోదాన్లో ఇంకో తమాషా ఉంది. ఆ కథలో ఆసామి భార్య కూడా మాట్లాడుతుంది. ఆమెదీ ఆ ఊరి యాసే. ఆమె మాటల కింద ఒక్క గీతా లేదు. గీతలన్నీ అమ్మ మాటల కిందే. "పాఠకులందరికీ" అన్న మాటలో మా అమ్మ లేదని నాకు అప్పుడు అర్థమైంది.

రెండు మార్పులు చేశాను, రెండు చెయ్యను, కారణాలు ఇవీ అని జవాబు రాశాను. తిట్టలేదు, బతిమాలలేదు. జవాబు రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఆ కథ ఒక చిన్న పత్రికలో వచ్చింది. కొన్ని వందల కాపీలు వేసే పత్రిక అది. ఇవాళ నన్ను ఆ కథ పేరుతో పలకరించేవాళ్ళున్నారు.

ఇది నా ఒక్కడి సంగతైతే ఇంత రాయనవసరం లేదు. మనలో అందరికీ తెలిసిన పుస్తకం ఒకటి ఇలాంటి గీతల మధ్యనుంచే వచ్చింది. లాహోర్‌లో జాత్-పాత్-తోడక్ మండల్ అని కులం పోవాలనే సంస్కర్తల సంఘం ఉండేది. 1936 వార్షిక సభకి అధ్యక్షుడిగా రమ్మని బాబాసాహెబ్‌ని పిలిచారు. ఆయన ఉపన్యాసం రాసి ముందే అచ్చు వేయించారు. అది చదివిన మండలివాళ్ళు కంగారుపడ్డారు. హిందూ మతం పునాదుల గురించీ, శాస్త్రాల గురించీ, తాను ఆ మతం వదిలి వెళ్ళిపోతుండటం గురించీ ఉన్న భాగాలు తీసెయ్యమని ఉత్తరాలు రాశారు. గమనించండి, వాళ్ళు కులాన్ని సమర్థించేవాళ్ళు కాదు. మన పక్షానే ఉన్నామనుకునేవాళ్ళు. కులం పోవాలి, కానీ అది ఎక్కడ వేళ్ళూనుకుందో చెప్పొద్దు. వాళ్ళు అడిగింది అదీ.

బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. సభ రద్దయింది. 1936 మే 15న ఆ ఉపన్యాసాన్ని తన ఖర్చుతోనే పుస్తకంగా బయటపెట్టారు. అదే 'కులనిర్మూలన'. మొదటి ముద్రణ 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. మాట్లాడనివ్వని సభకి ఎవరెవరు వచ్చేవాళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఆ పుస్తకం మీ హాస్టల్ గదిలో ఉంది.

ఇందులో కొత్త రచయిత నేర్చుకోవాల్సిన పని ఒకటుంది. ఆయన మండలివాళ్ళతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ దాచుకున్నారు. పుస్తకం ముందు భాగంలో వాటినే అచ్చు వేశారు. ఎవరు ఏం అడిగారో, తాను ఏమని జవాబిచ్చారో తొంభై ఏళ్ళ తర్వాత కూడా మనం చదవగలుగుతున్నాం. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు గాంధీ రాసిన విమర్శనీ తన జవాబునీ కలిపి అందులోనే పెట్టారు. కాబట్టి మీకొచ్చిన ఈమెయిళ్ళు, వాట్సాప్ మాటలు తుడిచెయ్యకండి. ఫోన్లో చెప్తే, "మీరు ఇలా అన్నారు, నేను ఇలా అనుకుంటున్నాను" అని రెండు వాక్యాలు రాసి పంపండి. కాగితం మీద ఉన్నదానికి తర్వాత ఎవరూ అడ్డం తిరగలేరు.

ఎవరూ వెయ్యకపోతే మనమే వేసుకోవాలన్నది కూడా కొత్త ఆలోచనేం కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు సాహూ మహరాజ్ 2500 రూపాయలిచ్చి నిలబెట్టారు. ఆ పత్రిక వస్తోందన్న ప్రకటనని డబ్బులిస్తామన్నా 'కేసరి' వెయ్యలేదు. మన దగ్గర 1921లోనే కుసుమ ధర్మన్న నల్లదొరతనం మీద గొంతెత్తారు, తర్వాత 'జయభేరి' పత్రిక నడిపారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టి 'వెట్టి మాదిగ' కథ అందులోనే వేసుకున్నారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తురు మీద పుట్టిన కవిత్వాన్ని 1995లో 'చిక్కనవుతున్న పాట' ఒక్కచోటికి చేర్చింది. ఎవరో ఒకరు పూనుకుని పోగుచేసి, ప్రూఫులు దిద్ది, అచ్చాఫీసు చుట్టూ తిరిగితేనే ఆ పుస్తకం మనకి దక్కింది. రాయడమొక్కటే సాహిత్యం కాదు. ఈ పనులూ సాహిత్యమే. మీలో ప్రూఫులు దిద్దడం వచ్చినవాళ్ళు పదిమంది తయారైతే, పదిమంది కవులు తయారైనంత మేలు.

సరే, గీతల్ని వేరుచేయడం ఎలా?

ఎవరైనా మార్పు అడిగితే ముందు ఒక రాత్రి ఊరుకోండి. కోపం తగ్గాక ఆ మార్పు చేసిన ప్రతి ఒకటి తయారుచేసి, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఎవరు ఎవర్ని ఏం చేశారన్న సంగతి రెండు ప్రతుల్లోనూ ఒకటేనా? ఒకటే అయితే అది దిద్దుబాటు, ఒప్పుకోండి. పొడుగు తగ్గించమన్నా, మొదలు మార్చమన్నా, మూడుసార్లు వచ్చిన పోలిక ఒకసారే ఉంచమన్నా మీకు మేలే. చేసినవాడు మాయమై పని మాత్రం మిగిలితే అది చెరిపివేత. "కొట్టారు" ఉండి, కొట్టినవాళ్ళు లేకపోతే అనుమానించండి. "అవమానం జరిగింది" అని ఉండి, ఎక్కడ, ఏ బావి దగ్గర, ఏ మాటతో జరిగిందో పోతే అనుమానించండి.

ఆ తర్వాత గట్టిగా చదివి వినిపించండి. వాడలో ఒకరికి, కుదిరితే చదువురాని ఒకరికి. "ఇది మన సంగతే" అంటే సరే. "ఎవర్రా వీళ్ళు?" అని అడిగితే మళ్ళీ కూచోండి.

ఇంకో వైపూ చెప్పాలి. ప్రతి ఎర్రగీతా కులగీత కాదు. వాక్యం బాగాలేదన్న మాటని "నేను దళితుణ్ణి కాబట్టి అన్నారు" అని తీసుకుంటే, నేర్చుకునే తలుపు మనమే వేసుకున్నట్టు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు పద్యాన్నే పట్టుకున్నారు. కాళిదాసు మేఘాన్ని పంపిన చోట గబ్బిలాన్ని పంపారు. ఆయన కులాన్ని ఎత్తిచూపినవాళ్ళు చాలామంది ఉన్నారు, పద్యాన్ని తప్పుపట్టగలిగినవాళ్ళు లేరు. మన తాతలు చెప్పు కుట్టేటప్పుడు ఆరె సరిగ్గా దిగిందో లేదో వేలితో తడిమి చూసేవాళ్ళు. కుట్టు వదులైతే విప్పి మళ్ళీ కుట్టేవాళ్ళు. మనది ఆ పనితనం. వాక్యం విషయంలో తక్కువకి ఒప్పుకోకండి.

చెరిపేవాళ్ళు బయటే ఉంటారని కూడా అనుకోకండి. పోయిన నెల ఒక చెల్లెలు తన కవిత సంగతి రాసింది. తాగొచ్చి అమ్మని కొట్టే నాన్న గురించి. మన సంఘం పత్రికకే పంపితే, "ఇది వేస్తే మన పరువు పోతుంది, ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు, ఉద్యమ కవిత ఏదైనా ఉంటే పంపమ్మా" అన్నారట. అమ్మా, నీ కవితే ఉద్యమ కవిత. దొర కొడితే వార్త, మొగుడు కొడితే ఇంటి గుట్టు అయితే, మనం రాస్తున్నది సగం చరిత్రే. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' చూడు. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసింది అందులో ఉంది. ఎనభై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నా, ఒకరు పూనుకుని వెతికేదాకా మన మగవాళ్ళ జాబితాల్లో ఆ పేర్లు ఎన్ని ఉన్నాయి? ఉపకులం మాటొచ్చినా ఇంతే. మాల మాదిగల మధ్య ఉన్న సంగతి రాస్తే "ఇప్పుడెందుకు" అంటారు. ఎప్పుడో వాళ్ళు చెప్పరు. సంఘంలో మాట్లాడేటప్పుడు ఐక్యత చూడండి. రాసేటప్పుడు నిజం చూడండి. నిజం మీద నిలబడని ఐక్యత పండగపూటకే పనికొస్తుంది.

ఇక చేతి పనులు.

పంపబోయే పత్రికవి కనీసం మూడు సంచికలు చదవండి. ఎంత నిడివి వేస్తారు, ఏ రకం రచనలు వేస్తారు, ఎవరి పేర్లు కనబడుతున్నాయి అనేది అక్కడే తెలుస్తుంది. ఆంధ్రజ్యోతి 'వివిధ' సోమవారం పేజీ, 'అరుణతార', స్త్రీల కోసం 'భూమిక', ఇంటర్నెట్‌లో 'సారంగ', 1998 నుంచీ వస్తున్న 'ఈమాట'. ఒక్కోదానిది ఒక్కో దారి. ఎవరి దారి ఏదో తెలియకుండా పదిచోట్లకి ఒకేసారి పంపడం కంటే, తెలిసి ఒకచోటికి పంపడం మంచిది.

యూనికోడ్‌లో టైపు చేయండి. నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి పంపితే తెరిచేవాళ్ళు తక్కువ. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటే యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులూ దీర్ఘాలూ పోయాయేమో ప్రతి లైనూ చూడండి. కొట్టించిన ఫైలు మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

జత చేసే ఉత్తరం నాలుగు లైన్లు చాలు. రచన పేరు, ఇదివరకు ఎక్కడా రాలేదన్న మాట, మీ పేరు, ఫోన్ నంబరు. మీ కష్టాలు ఉత్తరంలో రాయకండి. అవి రచనలో ఉండాలి. ఎవరి సిఫారసూ వద్దు. మీరు అడుక్కోవడం లేదు, ఇస్తున్నారు.

ముందు ఫేస్‌బుక్‌లో పెట్టి తర్వాత పంపితే చాలా పత్రికలు అచ్చయినదానికిందే లెక్కేస్తాయి. లైకుల ఆకలి కొన్నాళ్ళు ఆపుకోండి.

ఏది, ఎక్కడికి, ఏ తేదీన పంపారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మూడు నెలలు చూసి ఒకసారి గుర్తుచేయండి. అయినా పలకకపోతే, "వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి ఇంకోచోటికి పంపండి. ఈలోగా రెండోది రాయడం మొదలుపెట్టండి. ఒక్క రచననే పట్టుకుని ఎదురుచూసేవాళ్ళు త్వరగా అలిసిపోతారు.

నిజంగా జరిగిన దాడుల గురించి రాసేటప్పుడు జాగ్రత్త. అత్యాచారానికి గురైన మనిషి పేరుగానీ, గుర్తుపట్టే వివరాలుగానీ బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆమె బాధ మన కవితకి సామాను కాదు. బతికున్నవాళ్ళ మీద ఆరోపణ రాస్తే మీ దగ్గర ఎఫ్ఐఆర్ కాపీనో, కోర్టు కాగితమో ఉందా చూసుకోండి. లేకపోతే కథగా రాయండి, ఊరూ పేరూ మార్చండి. కులం మాత్రం మార్చకండి.

"మా సంకలనంలో మీ కవిత రావాలంటే ఇంత కట్టండి, శాలువా, మెమెంటో, సర్టిఫికెట్ ఇస్తాం" అని మెసేజ్‌లు వస్తుంటాయి. అది ప్రచురణ కాదు, ఫొటో స్టూడియో. ఆ డబ్బుతో నాలుగు పుస్తకాలు కొనుక్కోండి.

పుస్తకం దాకా వస్తే కాగితం చదివి సంతకం పెట్టండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన నిమిషం నుంచీ హక్కు మీదే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీరు బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ అది ఉంటుంది. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగానే ఇవ్వాలి. కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా లెక్క. "సర్వహక్కులూ ప్రచురణకర్తవి" అన్న లైను కనబడితే ఆగండి. ఈ ముద్రణ వరకే ఇస్తున్నానని రాయించుకోండి. మా తాతల భూమి వేలిముద్రలతో పోయింది. మన అక్షరాలు సంతకాలతో పోకూడదు.

సొంతంగా వేసుకునేవాళ్ళకి ఐఎస్‌బీఎన్ నంబరు కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దానికి డబ్బులడిగే దళారిని నమ్మకండి. వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకునే కంటే 200 వేసి, అయిపోయాక మళ్ళీ వేసుకోండి. ధర కూలి డబ్బులతో కొనేవాళ్ళని చూసి పెట్టండి. 'కులనిర్మూలన' ధర 8 అణాలు ఎక్కువని, 2 అణాలో 4 అణాలో ఉండాల్సిందని గాంధీ 'హరిజన్'లో రాశాడు. ఆ ధరకే మొదటి ముద్రణ అయిపోయిందని పైన చెప్పాను. మనవాళ్ళు పుస్తకాలు కొనరన్న మాట నేను నమ్మను. డిసెంబర్ 6న ముంబై చైత్యభూమి దగ్గర, ధమ్మదీక్ష రోజున నాగపూర్ దీక్షాభూమి దగ్గర నేలమీద పట్టాలు పరిచి అమ్మే పుస్తకాల వరసలు చూడండి. చెప్పుల్లేని కాళ్ళు అక్కడ ఆగుతాయి. హైదరాబాద్ బుక్‌ఫెయిర్‌కీ విజయవాడ పుస్తకాల పండక్కీ వెళ్ళండి, కాదనను. ఏప్రిల్ 14న మీ ఊరి విగ్రహం దగ్గర కూడా ఒక పట్టా పరవండి.

ఈ వారం చేయాల్సింది చెప్పి ముగిస్తాను. రాసిపెట్టుకున్న వాటిలో ఒకటి తీయండి. గట్టిగా చదవండి. నోరు తడబడిన చోట దిద్దండి. భయపడి మీరే ముందుగా చెరిపేసుకున్న మాటలు కొన్ని ఉంటాయి. ఊరి పేరు, కులం పేరు, అమ్మ తిట్టు, ఇంట్లో తిన్న కూర పేరు. అవి తిరిగి పెట్టండి. సంపాదకుడి కంటే ముందు మనల్ని చెరిపేది మనలోని భయమే. అప్పుడు పంపండి. పంపిన తేదీ నోటుబుక్కులో రాసుకోండి.

జై భీమ్.